మోకాళ్ల మీద ఆడే నాటకం కోసం కొన్న మోకాలి ప్యాడ్స్: నాలుగు స్టార్లు

ఇవి ఆటలాడేవాళ్లకీ నేల మీద పనిచేసేవాళ్లకీ చేసిన జెల్ ప్యాడ్స్. నేను కొన్నది మాత్రం నాటకంలో ఒక కుండలో మోకాళ్ల మీద ఉండటానికి.

ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన 'ప్లే' అనే నాటకం రిహార్సల్స్‌లో ఉన్నాం, మొదటి షోకి ఇంకా నాలుగు రోజులే ఉంది. 1963లో మొదటిసారి జర్మన్‌లో వేశారు దీన్ని. స్టేజీ మీద మూడు అస్థికల కుండలు, ఒక్కోదాంట్లోంచి ఒక తల: ఒక మగాడు, అతని భార్య, ఇంకో ఆవిడ. ఉన్నది ఒకటే స్పాట్‌లైట్. అది ఎవరి మొహం మీద పడితే వాళ్లు ఆ క్షణమే మాట్లాడాలి, పక్కకి తిరిగితే మాట సగంలో ఉన్నా ఆపెయ్యాలి. కుండలు సుమారు గజం ఎత్తు ఉండాలని బెకెట్ రాసిపెట్టాడు. ఆ ఎత్తులోనే ఉంచాలంటే, స్టేజీ కింద దిగి నిలబడే వీలు లేకపోతే నాటకమంతా మోకాళ్ల మీదే ఉండాలి, కూర్చుంటే కుండ లావైపోతుందని దానికి ఒప్పుకోలేదు. మాకు కింద వీలు లేదు. పైగా నాటకం ఒకసారి పూర్తయ్యాక మొత్తం మళ్లీ మొదట్నుంచి చెప్పాలి.

మొదటి వారం దుప్పటి మడతపెట్టి సర్దుకున్నాను. రెండో విడత వచ్చేసరికి మోకాలిచిప్ప కింద సూదులు గుచ్చినట్టుండేది. ఈ నాటకంలో మొహం కదలకూడదు, గొంతులో భావం ఉండకూడదు, మాట మాత్రం పరుగెత్తాలి. లైటు కింద నుంచి పడినప్పుడు నా నుదుటి మీద ముడత ఒక్కటి చాలు, దుఃఖంలా కనిపిస్తోందని డైరెక్టర్ ఆపేసేవారు. అది దుఃఖం కాదు, మోకాలి నొప్పి!

ప్యాడ్స్ వచ్చిన రోజే తేడా తెలిసింది. జెల్ మందంగా ఉంది, బరువు ఒక్కచోట పడకుండా మోకాలంతా పరుచుకుంటుంది. నొప్పి మీద పోయే ధ్యాస లైటు మీదకి వచ్చింది. ఇప్పుడు లైటు ఆపరేటర్ చెయ్యి కొంచెం ఆలస్యమైనా నాకు తెలుస్తోంది, అతనూ మాతో పాటు నటిస్తున్నట్టే ఉంటుంది. నిన్న రెండు విడతలూ ఒక్క తడబాటు లేకుండా అయ్యాయి, బయటికొచ్చాక ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

ఒక స్టార్ తగ్గించింది వెల్క్రో వల్ల. చీకట్లో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కాస్త కదిలితే పట్టీ చర్రుమని ఊడింది, ఆ రిహార్సల్ అక్కడితో పాడైంది. మోకాలి వెనక పట్టీ బిగిస్తే పిక్కలు తిమ్మిరెక్కుతాయి, వదులు చేస్తే ప్యాడ్ జారుతుంది. నేను ఒక సైజు పెద్దవి మార్పించుకుని, పట్టీల మీద గుడ్డ చుట్టి కుట్టేశాను, పైన నల్ల లెగ్గింగ్స్. అప్పట్నుంచి చప్పుడు లేదు. మీరూ ఇలాంటి వేషం వేస్తుంటే షో దాకా ఆగకండి, మొదటి రిహార్సల్ నుంచే వేసుకోండి.