ఎర్రనల్లి మీదికి ఎవరిని వదలాలి: నల్ల పెంకు పురుగునా, వేట నల్లినా?

వంగ ఆకు తిరగేసి భూతద్దం పెట్టి చూడండి. ఈనెల పక్కన సన్నటి గూడు, అందులో పాకే చుక్కలు, ముత్యాల్లాంటి గుడ్లు. అదే ఆకు రసం పీల్చే ఎర్రనల్లి. వాటి మధ్య ఆవగింజ కన్నా చిన్నదైన నల్ల పెంకు పురుగు నింపాదిగా తిరుగుతూ కనిపిస్తే మాత్రం చేతిలో మందు డబ్బా పక్కన పెట్టేయండి. అది స్టెథోరస్. అక్షింతల పురుగుకి దగ్గరి చుట్టమే గానీ ఒంటి మీద చుక్కలుండవు, పొడవు మిల్లీమీటరున్నర దాటదు. చుక్కల అక్షింతల పురుగుని ఈ పోటీలోకి లాగకండి, దాని మనసంతా పేనుబంక మీదే.

స్టెథోరస్‌కి పోటీగా నిలిచేది ఫైటోసీలస్ పెర్సిమిలిస్ అనే వేట నల్లి. నారింజ రంగు, అర మిల్లీమీటరు ఒళ్లు, ఒక్కచోట నిలవని నడక.

తిండి లెక్కే చూస్తే పెంకు పురుగుదే పైచేయి. అది రోజుకు పదుల కొద్దీ నల్లుల్ని తినేస్తుంది, దాని పిల్ల పురుగూ అదే పని మీద ఉంటుంది. వేట నల్లి తినేది రోజుకు ఐదు పెద్ద నల్లులు, లేదా ఇరవై గుడ్లు. కానీ 25 డిగ్రీల దగ్గర వారంలోనే గుడ్డు నుంచి పెద్దదై, ఎర్రనల్లి కన్నా వేగంగా సంతతి పెంచుకుంటుంది. గూట్లోకి దూరి చివరి నల్లి దాకా వెతుకుతుంది. పెంకు పురుగుకి అంత ఓపిక లేదు: నల్లి పలచబడగానే గుడ్లు పెట్టడం తగ్గించి, రెక్కలున్నాయి కదా, ఇంకో చోటికి ఎగిరిపోతుంది. ఆ రెక్కలతోనే దూరాన ఉన్న నల్లి గుంపునీ పట్టేస్తుంది, వేట నల్లికి ఆ వీలు లేదు.

తేడా తేలేది ఎండలో. ఎర్రనల్లి చెలరేగేది వేడికీ పొడిగాలికీ. సరిగ్గా అప్పుడే, 30 డిగ్రీలు దాటి గాలిలో తేమ 60 శాతం కన్నా తగ్గితే, వేట నల్లి చతికిలబడుతుంది. అందుకే నా ఓటు ఇలా: పాలీహౌస్‌లో దోస, చిక్కుడు మీద నల్లి అప్పుడప్పుడే కనిపిస్తుంటే వేట నల్లి, బయటి పొలంలో, ఎండాకాలంలో, నల్లి ముదిరిన చోట పెంకు పురుగు. దాన్ని కొనే పని కూడా లేదు, పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టకుండా ఉంటే చాలాచోట్ల తనే వస్తుంది. ఆ మందు కొడితే మిత్ర పురుగులు చస్తాయి, నల్లి మాత్రం రెట్టింపవుతుంది.

టమాటాలో ఇద్దరికీ తిప్పలే. ఆ ఆకుల జిగురు నూగుకి కాళ్లు అంటుకుపోతాయి. అక్కడ ఎవరి మీదా నేను పందెం కాయను.