రోబో నడకకి ఏది మేలు, లెక్కా, లయా, లేక ఒళ్ళేనా?

చీకట్లో మెట్లు అయిపోయాయనుకుని కాలేస్తాం, ఇంకో మెట్టు ఉంటుంది, గుండె ఝల్లుమంటుంది, కానీ మనం అరె అనుకునేలోపే మోకాలు ఆ దెబ్బ తీసేసుకుని ఉంటుంది. రోబోలు బోల్తా పడేది సరిగ్గా ఇలాంటి చోటే. అది స్పీడు తక్కువై కాదండోయ్, మన నాడుల్లో బాగా ఫాస్ట్‌వాటిలో కూడా సిగ్నల్ వేగం సెకనుకి 120 మీటర్ల దగ్గరే ఆగుతుంది, రోబో అయితే సెకనుకి 1000 సార్లు మోటార్లని సరిచూసుకోగలదు.

మొదటిది లెక్క పద్ధతి. 2000లో వచ్చిన ఆసిమో, అంటే హోండా వాళ్ళ రెండు కాళ్ళ రోబో, ఇదే. బరువు పాదం అంచు దాటిపోకుండా ప్రతి అడుగూ ముందే లెక్కేసుకుని, మోకాళ్ళు వంచుకుని జాగ్రత్తగా నడుస్తుంది. పాదం ఎక్కడ పెట్టమంటే అక్కడే పెడుతుంది, అది ప్లస్సే, కానీ అదే బరువుతో అదే దూరం నడవడానికి మనిషి కన్నా పది రెట్లు పైనే ఎనర్జీ తాగేస్తుందని అంచనా.

రెండోది లయ. 1966లో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ అని ముగ్గురు సోవియట్ సైంటిస్టులు పైమెదడుతో సంబంధం తెంచేసిన పిల్లిని ట్రెడ్‌మిల్ మీద పెట్టి మెదడు కాండంలో ఒకచోట కరెంటిచ్చారు (వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే). పిల్లి నడిచింది! కరెంటు పెంచుతూ పోతే దౌడు దాకా వెళ్ళింది. అంటే పైనుంచి వచ్చే ఆర్డరు ఎంత జోరుగా అన్నదొక్కటే, ఏ కాలు ఎప్పుడు లేపాలన్నది వెన్నుపాము చూసుకుంటుంది. 2007లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీ వాళ్ళ సాలమాండర్ (నేల మీదా నీళ్ళలోనూ తిరిగే బల్లి లాంటి జీవి) రోబో కూడా ఇంతే, ఒక్క సిగ్నల్ పెంచితే నడక కాస్తా ఈతగా మారిపోతుంది.

మూడోది నాకు బాగా నచ్చింది, ఒళ్ళే పని చేసుకోవడం. ఒక ప్రయోగంలో గినీ కోళ్ళు పరిగెత్తే దారిలో గుంట పెట్టి పైన టిష్యూ పేపర్ కప్పేశారు. కాలు పేపర్ చీల్చుకుని దిగిపోయింది, దిగుతూనే వెనక్కి ఊగుతూ ఇంకాస్త నిటారుగా నేలని అందుకుంది, కోడి పరుగు ఆపలేదు. ఇది ఎవరూ లెక్కేసింది కాదు, ఆ కాలు వేలాడే తీరే అంత. మెక్‌గీర్ అనే ఇంజనీరు 1990లో మోటారూ కంప్యూటరూ లేని కాళ్ళ జతని చిన్న వాలు మీద వదిలితే చక్కగా నడుచుకుంటూ దిగింది, కాకపోతే వాలు లేకపోతే దాని పని అంతే.

నన్నడిగితే చదునైన ఫ్లోర్ మీద, పాదం గురి తప్పకూడని చోట లెక్కే మేలు, గతుకుల్లో అయితే ముందు స్ప్రింగు లాంటి కాలు, దాని మీద లయ, లెక్క ఆఖర్న. మరి 2020లో ఎనీమల్ అనే నాలుక్కాళ్ళ రోబో కెమెరా లేకుండా బురదలో, మంచులో నడిచింది కదా అంటారా? నడిచింది, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో నేర్చుకుని మరీ. కానీ దాని కీళ్ళలో స్ప్రింగులున్నాయి, అది మాత్రం ఎవరూ చెప్పరు.