పిస్గా ఇన్: బ్లూ రిడ్జ్ కొండలపై ఒక రాత్రి బస

అమెరికాలో షెనెండోవా, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానాలను కలుపుతూ 469 మైళ్లు సాగే కొండదారి బ్లూ రిడ్జ్ పార్క్‌వేపై ప్రయాణించేవారు రాత్రి బస కోసం కొండ దిగి ఆష్‌విల్ నగరానికి వెళ్లనవసరం లేదు. నార్త్ కరోలినాలో 408వ మైలురాయి దాటగానే, సుమారు 5,000 అడుగుల ఎత్తున, పిస్గా ఇన్ అనే హోటల్ రోడ్డు పక్కనే ఉంది. గదులు నిరాడంబరమైనవే అయినా, వాటి వసారాల్లో కూర్చుంటే అడవి కప్పిన కొండలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా పరుచుకుని కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసమే ఈ బసను ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఓపిక ఉన్నవారు దగ్గరలోని కాలిబాట పట్టి 5,721 అడుగుల మౌంట్ పిస్గా శిఖరం ఎక్కవచ్చు. పార్క్‌వేపై పెట్రోలు బంకులు లేవు కనుక ట్యాంకు ముందే నింపుకోవాలి. చలికాలంలో బస మూసి ఉంటుంది. ఆకులు రంగు మారే అక్టోబరులో రావాలనుకుంటే గదిని చాలా ముందుగా ఖాయం చేసుకోవడం మంచిది.