లంక చుట్టా, క్యూబా సిగారా: ఏది మేలు?

మా బావ దుబాయ్ నుంచి వస్తూ కోహిబా రోబస్టో అనే క్యూబా సిగారు ఒకటి పట్టుకొచ్చాడు. తాతయ్య దగ్గర లంక పొగాకు చుట్టలు ఎలాగూ ఉంటాయి. రెండూ ఒకే పూట కాల్చి చూద్దామని తాతయ్యని కూడా వెంటేసుకుని రావులపాలెం దగ్గర గౌతమి గట్టెక్కాం.

వెలిగించడం దగ్గరే తేడా తెలిసిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత ఊరికే పుట్టలేదు, చుట్టకి ఏ నిప్పైనా ఒకటే. సిగారుకి పెట్రోలు లైటరు పనికిరాదు, ఆ కంపు ఆకుకి పట్టేస్తుంది. గ్యాస్ లైటరో పొడవాటి అగ్గిపుల్లో తీసుకుని, మంట ఆకుకి తగలకుండా తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచాలి. సిగారు తల, అంటే నోట్లో పెట్టుకునే కొస, కోయడమూ ఓ విద్యే. టోపీలా అతికించిన ముక్కలో కొస మాత్రమే తియ్యాలి. మా బావ కూరలు తరిగే చాకుతో కిందికంటా కోసేశాడు, పై ఆకు ఉల్లిపొరలా విడిపోవడం మొదలెట్టింది.

పొగ మింగకూడదు. నోట్లో కాసేపు ఉంచి వదలాలి, నిమిషానికో దమ్ము చాలు. తొందరపడితే వేడెక్కి చేదు తిరుగుతుంది. మొదట దేవదారు చెక్క వాసన, నడుమ కాఫీ గింజలు వేపుతున్న కమ్మదనం, చివర్లో మిరియాల ఘాటు. ఈ మలుపులకి కారణం లోపలి ఆకులు: మొక్క పైభాగపు లిహెరో బలానికి, నడుమ సెకో వాసనకి, అడుగు వొలాడో సరిగ్గా కాలడానికి. కోహిబాకైతే లిహెరో, సెకో ఆకుల్ని పీపాల్లో మూడోసారి మగ్గబెడతారు.

లంక చుట్టకి ఈ మలుపులేవీ లేవు. వరద వదిలిన ఒండ్రులో పెరిగిన దళసరి ఆకు, మొదటి దమ్ముకే గొంతు పట్టుకుంటుంది, ఆఖరిదాకా పట్టు వదలదు. గట్టు మీద గాలికి సిగారు ఒకపక్కే కాలి వంకర తిరిగింది, చుట్ట మాత్రం చెక్కుచెదరలేదు. కొందరు నిప్పు కొస నోట్లో పెట్టి తాగే అడ్డపొగ మాత్రం వద్దే వద్దు, అంగిలికి క్యాన్సర్ తెస్తుంది. అలాగని సిగారు నిరపాయమూ కాదు. పొగ మింగకపోయినా నికోటిన్ నోటి పొరల్లోంచే ఎక్కుతుంది, నోటి క్యాన్సర్ భయమూ ఉంది.

దాచుకోవడంలో మాత్రం మన ఊరు సిగారుకి పగ. దానికి 65 నుంచి 70 శాతం తేమ చాలు, వానాకాలంలో మన గాలిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఉబ్బిపోయి దమ్ము రాదు, బూజూ పడుతుంది. తడిగుడ్డ పెట్టమనే సలహా పొడి ఊళ్ళవాళ్ళది. ఇక్కడ గాలి చొరబడని డబ్బా, అందులో తేమని అదుపులో ఉంచే పొట్లం కావాలి.

రుచికైతే నా ఓటు సిగారుకే, అదీ గాలి లేని అరుగు మీద, ఏడాదికోసారి. తాతయ్య దాన్ని రెండు దమ్ములు లాగి, తిప్పి చూసి, "వాసన బాగుందిరా అబ్బాయ్, పొగాకేదీ?" అన్నాడు.