అబెమాసిక్లిబ్ ఏడాదికి పైగా వాడాక: కడుపు సంగతే చెప్తా

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్రతో పాటు, జబ్బు తిరగబెట్టకుండా ఈ అబెమాసిక్లిబ్ మాత్ర రెండేళ్లు వేసుకోమన్నారు. ఎలా పనిచేస్తుందో, ఎవరికి రాస్తారో వాడేవాళ్లకు తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నా. నా కోపమంతా మోషన్స్ మీదే, ఇంకా చెప్పాలంటే ఆ సంగతి నాకు చెప్పిన తీరు మీద.

"లూజ్ మోషన్స్ రావచ్చు, వస్తే చూద్దాం" అన్నారు. రావచ్చు ఏంటండీ! ఈ మందును రోగుల మీద పరీక్షించిన మోనార్క్-ఈ ట్రయల్‌లోనే, వాడినవాళ్లలో నూటికి 84 మందికి వచ్చాయి, అదీ ఎక్కువగా మొదటి నెలలోనే. అంత తెలిసిన విషయానికి మందుతో పాటే విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర కూడా ఎందుకు రాయలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

హన్మకొండ నుంచి చెకప్‌కు హైదరాబాద్ పోతున్నాం. బస్సు జనగామ దాటింది. నొప్పి లేదు, గ్యాస్ లేదు, కడుపులో ఒక్క మెలిక తిరిగింది, ఇక ఆగదని తెలిసిపోయింది. కండక్టర్‌ను అడిగితే "ఆలేరు వస్తదమ్మా, జర ఓపిక పట్టు" అన్నాడు. మా వదిన లేచి గట్టిగా గొడవ పెట్టుకుంటే పెట్రోల్ బంకు దగ్గర ఆపారు, కానీ అప్పటికే చీర పాడైంది. బంకులో కుళాయి కింద కుచ్చిళ్లు తడుపుకొని, బస్సంతా చూస్తుండగా ఎక్కి, సీటు మీద వదిన టవల్ పరిస్తే దాని మీద కూర్చున్నా. కీమోలో కూడా నేనంత ఏడవలేదు.

ఆ రోజే డాక్టర్ రెండు పనులు చేశారు. మొదటి పల్చటి విరేచనానికే ఆలస్యం చేయకుండా లోపెరమైడ్ రెండు వేసుకోమని, తర్వాత వెళ్లినప్పుడల్లా ఒకటి చొప్పున, రోజుకు ఇన్ని మించొద్దని రాసిచ్చారు. జ్వరం గానీ రక్తం గానీ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. రెండోది, పూటకు 150 మిల్లీగ్రాములున్న మందును 100కు తగ్గించారు. తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. డోసు తగ్గించినవాళ్లలో కూడా ఫలితం దాదాపు అలాగే ఉందని ఓపిగ్గా చెప్పారు. కొద్ది రోజుల్లోనే కడుపు నిలబడింది. ఇంత సులువుగా తగ్గుతుందని నేను అస్సలు అనుకోలేదు.

ఈ మందు మొదలుపెట్టినప్పుడు "కీమో ముందు ఇదెంత, జుట్టు కూడా ఊడదు" అని అందరికీ చెప్పా. పూర్తిగా ఊడకపోయినా బాగా పలచబడింది. సాయంత్రానికి నీరసం. రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగితే భయపడ్డాం గానీ, ఈ మందుతో కిడ్నీకి ఏమీ కాకుండానే ఆ అంకె పెరుగుతుందట, ఇంకో పరీక్ష చేయించి చెప్పారు. మామిడికాయ తొక్కు, సకినాలు మానేశా. పెరుగన్నం, గంజి పడతాయి, పాలు పోసిన చాయ్ మాత్రం ఇప్పటికీ నా ఒంటికి పడట్లేదు.

వేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, నాకైతే కుదిరింది: నేను ఇంటిపట్టున ఉంటాను, బాత్రూమ్ పక్కనే, హైదరాబాద్ పోవాలంటే ఇప్పుడు కాజీపేటలో రైలెక్కుతున్నా, అందులో టాయిలెట్ ఉంటుంది కాబట్టి. పొద్దంతా నాట్లల్లో ఉండే మా ఊరి ఆడవాళ్లకు ఇదే 150 రాసి, లోపెరమైడ్ లేకుండా పంపితే ఎట్లా తట్టుకుంటారు? నేనైతే రెండేళ్లూ పూర్తి చేస్తా, 100 మీదే ఉంచితే.