చవక పీసీల్లో ఎన్100, 7320యూ: ఏళ్ల తరబడి వాడాక తేలినవి

ఇంటెల్, ఏఎండీ పోటీపడటం వల్ల చవక పీసీ కొనేవాళ్లకు మేలే జరిగింది. 2019 నాటి ఇంటెల్ ప్రాసెసర్ సెలెరాన్ ఎన్4020లో రెండే కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు). 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100లో నాలుగు, గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్. రెండూ 6 వాట్ల చిప్‌లే. వీడియో కాల్ నడుస్తుండగా నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే ఎన్4020 ఆగి ఆగి నడుస్తుంది, ఎన్100 మాత్రం ఇబ్బంది పడదు.

ఏఎండీ రైజెన్ 3 7320యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). పెద్ద ఫోల్డర్లు జిప్ చేయడం, కోడ్ కంపైల్ చేయడం లాంటి పనుల్లో ఇదే ముందుంటుంది. మామూలు బ్రౌజింగ్‌లో మాత్రం తేడా పట్టుకోవడం కష్టం.

పేర్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఏఎండీ ల్యాప్‌టాప్ చిప్‌ల 7000 వరుసలో మూడో అంకె చూడాలి, అది డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7320యూలోని 2 అంటే జెన్ 2, అది 2019 నాటి డిజైన్. 7330యూ అయితే జెన్ 3. అథ్లాన్ సిల్వర్ 7120యూలో రెండే కోర్లు, థ్రెడ్లూ రెండే, దానికంటే ఎన్100 నయం. ఇంటెల్ కూడా ల్యాప్‌టాప్‌లకు సెలెరాన్, పెంటియం పేర్లు తీసేసి అన్నిటికీ ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని పెట్టింది. ఆ పేరు కిందే రెండు కోర్ల ఎన్50 కూడా ఉంది. కాబట్టి నంబర్ చదవకుండా కొనొద్దు.

అసలు చిక్కు ర్యామ్‌తో. 7320యూ ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది, అంటే ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. 4 జీబీది కొంటే ఎప్పటికీ అంతే. 8 జీబీకి తగ్గితే వదిలేయండి. ఎన్100 మెషీన్లలో కొన్నింటికి స్లాట్ ఉంటుంది కాబట్టి తర్వాత 16 జీబీ వేసుకోవచ్చు. అయితే ఎన్100కు మెమరీ ఛానెల్ (ర్యామ్‌తో డేటా మార్చుకునే దారి) ఒక్కటే.

ఒకే ఎన్100 ఒక మెషీన్‌లో చురుగ్గా, ఇంకోదాంట్లో మందకొడిగా ఉండటానికి కారణం తయారీదారు పెట్టిన పవర్ పరిమితి. పది నిమిషాలు పూర్తి లోడ్ పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజ్ పవర్ (మొత్తం చిప్ వాడే పవర్) చూడండి. వేగం పడిపోయి పవర్ 6 వాట్ల దగ్గర నిలిస్తే ఆ పరిమితి పీఎల్1ది, అంటే చిప్ ఎక్కువసేపు వాడుకోగల పవర్ హద్దుది. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగ్స్) ఆ ఆప్షన్ ఉంటే 10 వాట్లకు పెంచి మళ్లీ పరీక్షించాలి. ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటాక వేగం తగ్గుతుంటే మాత్రం పెంచకూడదు, అక్కడ లోపం చిప్‌ను చల్లబరిచే హీట్‌సింక్‌ది.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే ఉండి డిస్క్ 100 చూపిస్తుంటే చిప్‌ను తిట్టుకోవడం అన్యాయం. చవక పీసీల్లో స్టోరేజ్‌గా వచ్చే ఈఎంఎంసీ 5.1 సైద్ధాంతిక వేగమే సెకనుకు 400 ఎంబీ. ఎం.2 స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ) వేసి విండోస్‌ను దాని మీదకు మార్చండి.

ఇంకా ఎన్4020తోనే నెట్టుకొస్తున్నవాళ్లకు ఒక మాట. ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌కు దానిలో హార్డ్‌వేర్ డీకోడ్ (చిప్‌లోనే వీడియోను విప్పే ఏర్పాటు) లేదు, వీపీ9 అనే మరో ఫార్మాట్‌కు ఉంది. యూట్యూబ్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఏవీ1ను ఎస్‌డీ (తక్కువ స్పష్టత) వీడియోలకే పరిమితం చేస్తే 1080పీ వీడియోలు తడబడటం తగ్గుతుంది.