ఇన్వర్టర్‌కి ట్యూబ్యులర్ బ్యాటరీయా, లిథియమా?

ఎండలు మొదలవగానే తెలిసినవాళ్లంతా అడిగేది ఇదే. షాపులో ధర, వారంటీ గురించే చెబుతారు. నేను మాత్రం ముందు ఒకటి అడుగుతాను: మీ దగ్గర కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది?

ట్యూబ్యులర్ అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక రకం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందనేది చాలావరకు ప్రతిసారీ దాన్ని ఎంత ఖాళీ చేశామన్నదాన్ని బట్టే ఉంటుంది. తరచూ సగానికి మించి వాడేసి, పూర్తిగా చార్జ్ అయ్యేలోపే మళ్లీ కరెంటు పోతుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత బలం రాదు.

ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, వైఫై కలిపి 300 వాట్లు అనుకుందాం. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే కొలత) ట్యూబ్యులర్ మీద రాసిన ఆ 150, 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు మెల్లగా వాడితే వచ్చే లెక్క. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 300 వాట్లకు మనం లాగేది, ఇన్వర్టర్‌లో వృథా అయ్యేదీ కలిపి, దాదాపు 30 ఆంపియర్లు. ఆ వేగానికి దక్కేది సుమారు 120 ఏహెచ్. అందులో సగమే వాడాలంటే రెండు గంటలు. అదే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం వాడినా దానికి పెద్ద ఇబ్బంది లేదు, దాదాపు మూడు గంటలు వస్తుంది. సైజు చిన్నదే, పని ఎక్కువ.

కాబట్టి పల్లెల్లో గంటల తరబడి కరెంటు పోయేవాళ్లు, సోలార్ పెట్టుకుని రోజూ రాత్రి బ్యాటరీ మీదే నడిపేవాళ్లు లిథియమే తీసుకోండి. అయితే ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చాలి, అక్కడే బడ్జెట్ తలకిందులవుతుంది. లిథియం పేలుతుందేమోనన్న టెన్షన్ జనంలో అవసరానికి మించే ఉంది. ఫోన్లలో వాడే లిథియం కంటే ఈ ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని బాగా తట్టుకుంటుంది.

గంటలోపే కరెంటు వచ్చే టౌన్లలో మాత్రం నా ఓటు టాల్ ట్యూబ్యులర్‌కే. మా ఇంట్లో ఉన్నదీ అదే. ధర తక్కువ, మామూలు ఇన్వర్టర్లతో నడుస్తుంది, పాతది ఇస్తే సీసం ధర వెనక్కి వస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం విసుగే, ఒప్పుకోవాలి. బ్యాటరీని మేడ మీద రేకుల గదిలో మాత్రం పెట్టకండి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడిపోతుందని అంచనా. విజయవాడ, రామగుండం ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

లెడ్ యాసిడ్‌లోనే ఫ్లాట్ ప్లేట్ అనే రకం చవక, కరెంటు ఎప్పుడో గానీ పోనివాళ్లకు చాలు. నీళ్లు పోసే పనిలేని ఎస్ఎంఎఫ్ కంప్యూటర్ యూపీఎస్‌కి బాగుంటుంది.

లెడ్ యాసిడ్‌లో ఏ రకం కొన్నా తయారీ తేదీ చూడండి. చార్జింగ్ లేకుండా నెలల తరబడి షాపులో పడి ఉన్నది వద్దు.